శిఖరానికి ఈవల

చేతిలో అధికారం ఉన్నవాడు దానిని ఎంతవరకు వినియోగించాలి? చట్టం అనుమతించినంత వరకు అన్నది మనకు మొదట తోచే సమాధానం. ప్రభుత్వోద్యోగంలో ఇరవై ఏళ్ళు గడిపిన నేనూ చాలాకాలం ఆ సమాధానంతోనే తృప్తిపడ్డాను. చట్టం ఒక గీత గీస్తుంది. గీతకు లోపల ఉన్నదంతా అనుమతించినది, వెలుపల ఉన్నదంతా నిషిద్ధం. ఆ గీతను గుర్తెరిగి మసలుకోవడమే ఉద్యోగి బాధ్యత. ఈ సూత్రంలో తప్పు లేదు. కాని ఇది సంపూర్ణమా? గీతకు లోపల ఉన్నంత మాత్రాన మనం వేసే ప్రతి అడుగూ ధర్మబద్ధమవుతుందా? ఈ ప్రశ్న నాకు గ్రంథాలలో ఎదురుకాలేదు. ఒక వసంత దినాన, తూర్పు హిమాలయాలలో ఒక కొండ వెన్ను మీద నడుస్తూ ఉండగా ఎదురయింది.

పశ్చిమ బెంగాల్ ఉత్తరాగ్రాన, డార్జిలింగ్ జిల్లాకూ నేపాల్‌కూ నడుమ, ఉత్తర దక్షిణాలుగా సాగే పర్వతశ్రేణికి సింగలీలా అని పేరు. దాని వెన్ను మీది బాట మానేభంజన్ అనే చిన్న ఊరి దగ్గర మొదలవుతుంది. బౌద్ధులు మంత్రాక్షరాలు చెక్కి పేర్చే రాళ్ళగోడను అక్కడ ‘మానే’ అంటారు. ‘భంజ్యాంగ్’ అంటే నేపాలీలో కనుమ. అక్కడి నుంచి బాట చిత్రే, మేఘ్మా గ్రామాల మీదుగా 3,070 మీటర్ల ఎత్తున ఉన్న టోంగ్లూకు, ఆపైన రాష్ట్రంలోకెల్లా ఎత్తయిన సందక్‌ఫూకు, 3,636 మీటర్ల దాకా పోతుంది. సందక్‌ఫూ వెళ్ళిరావడానికి నాలుగైదు రోజులు కావాలి. నాకున్నది ఒక్క ఆదివారం. అధికార కార్యం మీద సిలిగురి వచ్చినవాణ్ణి, పని ముగిశాక మిగిలిన ఆ ఒక్క రోజును టోంగ్లూ దాకా నడిచి, తూర్పువైపు అడవిలోని ధోత్రే గ్రామానికి దిగడానికి కేటాయించుకున్నాను. ఏప్రిల్ నెల. మన పంచాంగం ప్రకారం చైత్రం.

స్థానికుడైన మార్గదర్శకుణ్ణి వెంట తీసుకుపోవడం అక్కడి నియమం. నాకు తోడు వచ్చిన పెద్దమనిషికి అరవై ఏళ్ళుంటాయి. ఊళ్ళో అందరూ ఆయనను ‘దాజు’ అని, అంటే అన్నగారూ అని పిలుస్తున్నారు. నేనూ అలాగే పిలిచాను. మా సంభాషణ హిందీలో సాగింది. ఇద్దరికీ అది మాతృభాష కాదు గనుక, ఇద్దరమూ అవసరమైనంతే మాట్లాడుకున్నాం. ఉదయం ఆరు గంటలకు బయలుదేరాం. చిత్రే దాకా మూడు కిలోమీటర్ల ఎక్కుడు నిట్టనిలువుగా ఉంటుంది. మైదానంలో కుర్చీకి అలవాటు పడిన కాళ్ళు ఆ మూడు కిలోమీటర్లలోనే తమ మొర వినిపించాయి.

చిత్రే దాటిన తరువాత నడక తేలికయింది. చుట్టూ వసంతం కనిపించడం మొదలైంది. ఆకు ఇంకా తొడగని చెట్ల కొమ్మల చివర, అరచేతులంత తెల్లని, గులాబిరంగు పూలు. అది మాగ్నోలియా, మన సంపెంగకు దగ్గరి బంధువు. ఇంకా పైకి పోతే రోడోడెండ్రాన్లు. ఎర్రని జాతిని నేపాలీలో ‘లాలీ గురాంస్’ అంటారు. అది నేపాల్ జాతీయ పుష్పం. మోదుగులు పూసిన మన అడవిని చూసినవారికి ఆ దృశ్యం కొంత ఊహకు అందుతుంది. అయితే మోదుగు ఎండలో పూస్తుంది, ఇవి మంచుపొగలో పూస్తాయి. రాలిన రేకులతో బాట ఎర్రబడి, అడుగు వేయడానికే సంకోచం కలిగింది. చరిత్ర విద్యార్థిని కావడం వల్ల కాబోలు, ఆ పూల అందంతోపాటు వాటి పేర్లూ నన్ను ఆలోచనలో పడవేశాయి. ఆ మాగ్నోలియాకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో ఉన్నవాడు ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్, డార్జిలింగ్‌లో ఈస్టిండియా కంపెనీ అధికారి. ఒక రోడోడెండ్రాన్ పేరులో గవర్నర్ జనరల్ డల్హౌసీ భార్య ఉంది. మరొక దాని పేరులో నేపాల్‌లో రెసిడెంటుగా పనిచేసిన హాడ్జ్‌సన్ ఉన్నాడు. ఈ పేర్లు పెట్టిన వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ డాల్టన్ హుకర్ 1848 మే నెలలో ఇదే టోంగ్లూ కొండ ఎక్కాడు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పక తప్పదు. ఈ కొండ వెన్ను ఒక సరిహద్దు. దాని మీద పడిన వాన చినుకు పడమటికి జారితే కన్‌కాయి నదిలో చేరి, మహానంద ద్వారా గంగలో కలుస్తుంది. తూర్పుకు జారితే రంగీత్, తీస్తాల ద్వారా బ్రహ్మపుత్రలో కలుస్తుంది. ప్రకృతి గీసిన ఈ గీతనే రాజ్యాలూ తమ గీతగా గ్రహించాయి. 1816లో అమలులోకి వచ్చిన సుగౌలీ సంధితో నేపాల్ తన తూర్పు భూభాగాన్ని వదులుకుంది. కంపెనీవారు 1817లో తితాలియా సంధి ప్రకారం దానిని సిక్కిం రాజ్యానికి అప్పగించారు. ఆ తరువాత నేపాల్, సిక్కింల నడుమ తలెత్తిన హద్దు తగాదాను పరిష్కరించడానికి వచ్చిన లాయిడ్, గ్రాంట్ అనే ఇద్దరు కంపెనీ ఉద్యోగులు 1829లో డార్జిలింగ్ కొండను చూశారు. చల్లని గాలి, ఎత్తయిన చోటు. జబ్బుపడిన కంపెనీ ఉద్యోగులు సేదతీరడానికి ఆ ఒక్క కొండను ఇమ్మని సిక్కిం రాజును అడిగారు. 1835 ఫిబ్రవరిలో ఆయన స్నేహపూర్వకంగా దానపత్రం రాసి ఇచ్చాడు. కంపెనీ ప్రతిఫలంగా 1841 నుంచి ఏటా 3,000 రూపాయలు, 1846 నుంచి 6,000 రూపాయలు చెల్లించింది.

వ్యవహారం అక్కడితో ఆగి ఉంటే చరిత్రలో ఒక మంచి ఉదాహరణగా మిగిలేది. ఆగలేదు. 1849 నవంబరులో క్యాంప్‌బెల్, హుకర్ ఇద్దరూ సిక్కిం అధికారుల అభ్యంతరాలను తోసిరాజని, చోలా కనుమ మీదుగా టిబెట్ నేల మీద అడుగుపెట్టి తిరిగి వచ్చారు. రాగానే సిక్కిం దివాను మనుషులు వారిని నిర్బంధించారు, డిసెంబరులో విడిచిపెట్టారు. నిర్బంధం తప్పే కావచ్చు. దానికి శిక్షగా కంపెనీ చేసినది మాత్రం తప్పును మించిన పని. 1850లో వార్షిక చెల్లింపు ఆపివేసి, తరాయి ప్రాంతాన్నీ, పైనున్న కొండలనూ, సుమారు 640 చదరపు మైళ్ళ నేలను తన రాజ్యంలో కలుపుకుంది. ఒక కొండను అడిగి తీసుకున్నవారు పదిహేను ఏళ్ళు తిరిగేసరికి దేశమే తీసుకున్నారు. ప్రతి మెట్టు దగ్గరా వారి చేతిలో ఒక కాగితం ఉంది, ఒక కారణం ఉంది. ఆ కాలపు చట్టంలో ప్రతి అడుగుకూ సమర్థన దొరుకుతుంది. లేనిదల్లా ఇక చాలునని ఎవరికైనా అనిపించడం.

మన రైతులకు ఈ కథ కొత్త కాదు. రెవెన్యూ వ్యవహారాలు చూసినవారికి అసలే కొత్త కాదు. రెండు పొలాల నడుమ గట్టు ఉంటుంది. ఆశపోతు రైతు ఏటా ఒక చాలు చొప్పున ఆ గట్టును తనలో కలిపి దున్నుకుంటాడు. ఏ ఏడు చూసినా పోయినది జానెడు నేలే. దాని కోసం తగాదా పడితే పడినవాడినే నలుగురూ నవ్వుతారు. పదేళ్ళకు గట్టు మాయమవుతుంది. గట్టుతోపాటు ఇరుగుపొరుగుల నడుమ మాటా మాయమవుతుంది.

మేఘ్మా దగ్గర సశస్త్ర సీమా బల్ జవానులు మా గుర్తింపు పత్రాలు చూశారు. పేరుకు తగ్గట్టు ఆ ఊరు మేఘాలలోనే ఉంది. అక్కడ దారికి ఒక పక్క ఇళ్ళు నేపాల్‌వి, మరో పక్క ఇళ్ళు మన దేశానివి. నడుమ ఒక తెల్లని సరిహద్దు స్తంభం. 1950 నాటి భారత-నేపాల్ సంధి వల్ల ఇరుదేశాల ప్రజలూ అటూ ఇటూ స్వేచ్ఛగా తిరుగుతారు. మేము టీ తాగినది నేపాల్‌లో. తాగిన గ్లాసు పట్టుకుని ఎండ కోసం నిలబడినది భారతదేశంలో. సరిహద్దు అనగానే ముళ్ళకంచె గుర్తుకు వచ్చే మనకు ఇటువంటి సరిహద్దు ఒక పాఠం. గీత ఉంది, అందరికీ తెలుసు. అయినా అది మనుషులను విడదీయడం కోసం లేదు. ఎవరి ఇల్లు ఎవరిదో గుర్తు చేయడానికి ఉంది.

టోంగ్లూ ఇంకా అరకిలోమీటరు ఉందనగా దారికి పక్కన ఒక చిన్న దిబ్బ కనిపించింది. దాని మీద పేర్చిన రాళ్ళు, వెదురు గడలకు కట్టిన ప్రార్థనా పతాకాలు. గాలికి రంగు వెలిసి, అంచులు పీలికలయి ఉన్నాయి. ఉత్తరాన మేఘాలు కదులుతున్నాయి. ఆ దిబ్బ మీదికి పదడుగులు ఎక్కితే చుట్టుపక్కల దృశ్యం ఇంకా బాగా కనిపిస్తుందని, ఛాయాచిత్రానికి అనువుగా ఉంటుందని తోచింది. ఒక కాలు రాతి మీద పెట్టి వెనక్కి చూశాను. దాజు కింద ఆగిపోయాడు.

“ఎక్కకూడదా?” అని అడిగాను.

“ఎక్కండి సాబ్, ఎవరూ ఏమీ అనరు. మేము మాత్రం పైకి పోము” అన్నాడాయన.

ఆయన గొంతులో నిషేధం లేదు, నిష్ఠూరమూ లేదు. నా కాలు మాత్రం కదలలేదు. ఆ మాట నాకు కొత్తది కాదు. ఇంతకు ముందు ఒకసారి, చాలా దూరంలో, మరొక భాషలో, మరొక వృద్ధుని నోట విన్నాను. ఆనాడు నేను ఆగలేదు.

అది నా ఉద్యోగ జీవితపు తొలి రోజులలో, విశాఖ మన్యంలో జరిగిన సంగతి. ఒక కొండ గ్రామానికి రోడ్డు మంజూరయింది. అవసరమైన రోడ్డు, వానాకాలంలో రోగిని డోలీ కట్టి మోసుకురావలసిన ఊరది. కొలతల ప్రకారం రోడ్డు ఊరి చివర ఒక చెట్ల గుంపు నడుమ నుంచి పోతుంది. రెండు పెద్ద ఇప్పచెట్లు, ఒక పనస, వాటి కింద ఊరివాళ్ళు దేవతగా కొలిచే నాలుగు రాళ్ళు. రికార్డులలో ఆ స్థలం ప్రభుత్వ పోరంబోకు. ఊరి పెద్ద నా దగ్గరకు వచ్చి, రోడ్డును ముప్పై బారలు పక్కకు తిప్పితే ఆ చోటు మిగులుతుందని చెప్పాడు. పక్కన ఖాళీ నేల ఉంది. సాంకేతికంగా పెద్ద ఇబ్బంది కూడా లేదు. అయితే అంచనా సవరించాలి, సవరించిన అంచనా మళ్ళీ పైకి పోవాలి, అప్పటికే ఫిబ్రవరి గడిచింది. మార్చి 31 లోగా ఖర్చు చేయని నిధులు మురిగిపోతాయి. నేను ఆయనకు అంతా ఓపికగానే వివరించాను. ఆయన విని, “మీరు తలచుకుంటే ఎలాగైనా వేస్తారు బాబూ. మిమ్మల్ని కాదనేవాళ్ళం మేమెవరం?” అన్నాడు. దానిని నేను అంగీకారంగా స్వీకరించాను. ఫైలు మీద ‘గ్రామస్థులతో సంప్రదించడమైనది, అభ్యంతరాలు లేవు’ అని రాసి సంతకం చేశాను.

ఆ వాక్యంలో అబద్ధం లేదు. సంప్రదించాను; వారు అభ్యంతరం చెప్పలేదు. చట్టప్రకారం నేను చేసినదంతా సక్రమం. రోడ్డు పడింది. మేలు కూడా చేసింది. దాని మీద అంబులెన్సు వచ్చింది, పిల్లలు బడికి పోయారు. రెండేళ్ళ తరువాత అటు వెళ్ళినప్పుడు ఆ పెద్దాయన నన్ను గుర్తుపట్టి ఇంటికి పిలిచి టీ ఇచ్చాడు. రాళ్ళను ఏరు అవతలకు మార్చుకున్నామని మాటల నడుమ చెప్పాడు. అంతే. ఆయన నన్ను నిందించి ఉంటే నాకు సమాధానం సిద్ధంగా ఉండేది. నిందించలేదు గనుక ఆ సమాధానం ఇప్పటికీ నా దగ్గరే ఉండిపోయింది.

ఆ మన్యంలోనే నేను చూసిన ఆచారం ఒకటి ఇక్కడ చెప్పాలి. అక్కడి గిరిజనులు కొత్తల పండుగ జరుపుకుంటారు. చెట్టు నిండా మామిడికాయలు వేలాడుతున్నా, ‘మామిడి కొత్త’ జరిగి దేవతకు నివేదించనిదే ఆ ఏటి కాయను ముట్టరు. ఆకలి లేక కాదు. చేతికి అందక కాదు. చెట్టు తమదే అయినా, మొదటి పండు తమది కాదని వారి నమ్మకం. మైదానంలో మనమూ ఉగాదినాటి పచ్చడిలో కొత్త మామిడిని, వేపపువ్వును మొదటిసారి రుచి చూస్తాం. కాని అంతకుముందు ఆగడమనే సగాన్ని మరచిపోయాం. వసంతం వచ్చిందంటే అనుభవించడం ఒక్కటే కాదు, అనుభవించడానికి ముందు కాసేపు నిలబడడం కూడా అని ఆ కొండవాళ్ళకు తెలుసు. అటువంటి మనుషుల దగ్గర నేను ముప్పై బారల నేలకు ఆగలేకపోయాను.

రాతి మీద నుంచి కాలు తీసి కిందికి దిగాను. దాజు ఏమీ అనలేదు. దిబ్బను కుడిచేతి వైపున ఉంచుకుని ప్రదక్షిణంగా ముందుకు సాగాడు. నేనూ అలాగే నడిచాను.

టోంగ్లూ చేరేసరికి మధ్యాహ్నం కావచ్చింది. ఆ వేళకు మబ్బులు కమ్ముకుంటాయి, ఉత్తరాన ఏమీ కనిపించదు అని ముందే చెప్పారు. అదృష్టవశాత్తు మేఘాలు పది నిమిషాలపాటు తొలగాయి. కాంచనజంగ కనిపించింది. 8,586 మీటర్ల పర్వతం. ప్రపంచంలో మూడవది, పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలం దాకా అదే అన్నిటికంటే ఎత్తయినదని తలచేవారు. దూరపు కొండలు నునుపు అంటాం. ఈ కొండ దూరానికి కూడా నునుపుగా కనిపించలేదు. దాని మంచు గోడలు, చీలికలు, అంచులు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. దాజు తల మీది టోపీ తీశాడు.

ఆ పేరుకు మహాహిమపు పంచనిధులు అని అర్థం చెబుతారు. సిక్కిం ప్రజలకు ఆ కొండ రక్షకదేవత. లెప్చా, భూటియా జాతుల పూర్వులు సోదరులుగా ఉందామని ప్రమాణం చేసుకున్నప్పుడు ఆ పర్వతాన్నే సాక్షిగా నిలిపారని వారి సంప్రదాయం. ఏటా జరిగే పాంగ్ ల్హాబ్సోల్ ఉత్సవం దానికి గుర్తు. 1955లో చార్లెస్ ఎవాన్స్ నాయకత్వాన ఒక బ్రిటిష్ దళం ఈ పర్వతాన్ని నేపాల్ వైపు నుంచి ఎక్కడానికి వచ్చింది. నేపాల్ ప్రభుత్వం అనుమతించింది. చట్టరీత్యా వారికి ఇంకేమీ అవసరం లేదు. సిక్కింవారి మనసు నొచ్చుకున్నదని తెలిసి, శిఖరాగ్రాన్ని తొక్కబోమని ఎవాన్స్ వారికి మాట ఇచ్చాడు. మే 25న జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్ శిఖరం దగ్గరకు చేరారు. ఇంకా కొద్ది అడుగులు మిగిలి ఉండగా ఆగారు. మరునాడు వచ్చిన నార్మన్ హార్డీ, టోనీ స్ట్రీథర్ కూడా అక్కడే ఆగారు. 1977లో కర్నల్ నరేంద్రకుమార్ నాయకత్వంలో తూర్పు వైపు నుంచి ఎక్కిన భారత సైనిక దళం కూడా ఆ సంప్రదాయాన్ని పాటించింది.

ఈ ఉదంతం నేను ఎప్పుడో చదివినదే. వింతగా చదివి మరచిపోయినది. ఆ కొండను ఎదురుగా చూస్తున్నప్పుడు మాత్రం అది నా ఫైలు మీది వాక్యం పక్కన వచ్చి నిలబడింది. అక్కడ అనుమతి ఉంది, ఇక్కడా ఉంది. అక్కడ అడ్డుకునేవారు లేరు, ఇక్కడా లేరు. ఎనిమిది వేల అయిదు వందల మీటర్ల ఎత్తున వారు ఆగారో లేదో చూడగలిగినవారు ఎవరు? ఒకరికొకరు తప్ప సాక్షులు లేరు. నీటిలోని చేప నీరు తాగడం ఎవరికీ కనిపించదు గనుక కౌటిల్యుడు ఉద్యోగులను చేపలతో పోల్చాడు. ఉద్యోగులు ధనం అపహరించే నలభై మార్గాలనూ లెక్కించాడు. రాజనీతిజ్ఞుడిగా ఆయన అనుమానం సహజమే. కాని ఎవరూ చూడని చోట మనిషి ఏం చేస్తాడన్న ప్రశ్నకు అనుమానం ఒక్కటే సమాధానం కాదు. ఆ నలుగురు ఆరోహకులు మరొక సమాధానం ఇచ్చారు.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది: పర్వతం మీద దేవత ఉన్నదని వారు నమ్మారా? నమ్మకపోతే ఆ ఆగడం కేవలం నటన కాదా? నా అభిప్రాయం వేరు. దేవతను నమ్మేవాడు శిఖరం కింద ఆగితే అది భక్తి. నమ్మనివాడు ఆగితే అది సాటి మనిషి పట్ల గౌరవం. ఎదుటివారికి పవిత్రమైనదానిని మనమూ పవిత్రమని ఒప్పుకోనక్కర లేదు. అది వారిది అని ఒప్పుకుంటే చాలు. ఇన్ని మతాలు, ఇన్ని భాషలు గల దేశంలో ఉద్యోగం చేసేవారికి ఇంతకంటే ఆచరణయోగ్యమైన సూత్రం నాకు కనిపించదు.

రెండవది: మొత్తం కొండను ఎక్కి చివరి కొద్ది అడుగులు వదిలితే ఏం లాభం? ఇది బలమైన అభ్యంతరమే. కొండను అసలు ఎక్కకుండా ఉండడమే అసలైన గౌరవమని వాదించవచ్చు. అయితే దూరం నుంచే తిరిగి వెళ్ళినవాడు ఆగినట్లా, అలసినట్లా? తేలదు. అశక్తతకూ సంయమనానికీ పైకి ఒకే రూపం ఉంటుంది. వెళ్ళగలిగి, వెళ్ళే హక్కు కూడా ఉండి ఆగినప్పుడే ఆ రెండిటికీ తేడా తెలుస్తుంది. వదిలినది ఎంత చిన్నదైతే అంత స్పష్టంగా తెలుస్తుంది.

మూడవది పాలనకు సంబంధించినది. ప్రతి రాయి దగ్గరా, ప్రతి చెట్టు దగ్గరా ఉద్యోగి ఆగిపోతే పనులు సాగేదెలా? ఆగడం పేరుతో ఫైలును నిద్రపుచ్చే అలవాటు మనలో చాలామందికి ఉన్నదే. నేను చెబుతున్నది దానిని గురించి కాదు. ఆ గ్రామానికి రోడ్డు పడి తీరవలసినదే. అసలు వేయకపోతే అది ఇంకా పెద్ద అన్యాయం. ప్రశ్న రోడ్డును గురించి కాదు, ముప్పై బారలను గురించి. ఎవాన్స్ దళం ఆరోహణను మానుకోలేదు. చివరి అడుగును మానుకుంది. పనిని ఆపడం వేరు, పనిలో ఎక్కడ ఆగాలో తెలియడం వేరు. మొదటిది సోమరితనం కావచ్చు. రెండవదానికి మనకు ఒక మంచి మాట ఉంది.

ఆ మాట మర్యాద. ఇవాళ మనం ఈ మాటను ఇంటికి వచ్చిన అతిథికి కుర్చీ వేయడం, పెద్దలు రాగానే లేచి నిలబడడం వంటివాటికి వాడుతున్నాం. సంస్కృతంలో దానికి హద్దు, ఎల్ల, తీరరేఖ అన్న అర్థాలున్నాయి. సముద్రానికి చెలియలికట్ట మర్యాద. మనిషికి అతడు దాటకుండా నిలిచిన చోటు మర్యాద. రాముణ్ణి మర్యాదా పురుషోత్తముడు అనడంలో ఉన్న మర్యాద ఇదే. హద్దుకూ గౌరవానికీ ఒకే పదం ఉండడం కేవలం భాషాచమత్కారం అనుకోను. ఎదుటివాని హద్దు దగ్గర ఆగడమే అతడిని గౌరవించడం అని మన పూర్వులు గ్రహించారనడానికి అది గుర్తు.

చట్టానికీ మర్యాదకూ తేడా ఇక్కడే ఉంది. చట్టం గీసిన గీతకు స్తంభాలు ఉంటాయి, పటాలు ఉంటాయి, సర్వే నంబర్లు ఉంటాయి. మర్యాద గీసిన గీతకు అవేమీ ఉండవు. ఆగినవాడి అడుగే ఆ గీతను గీస్తుంది. అందువల్ల దానిని ఇంకొకరి మీద రుద్దడం సాధ్యం కాదు. మర్యాద సన్నగిల్లిన చోట చట్టం వచ్చి నిలబడుతుంది. 2001లో సిక్కిం ప్రభుత్వం తన వైపు నుంచి కాంచనజంగ ఆరోహణను నిషేధించింది. నిషేధం అవసరమే. అయితే 1955లో ఒక మాటతో సరిపోయినదానికి తరువాత ఒక ఉత్తర్వు కావలసి వచ్చిందంటే, ఈ నడుమ తరిగిపోయినది ఏదో ఉన్నదని ఒప్పుకోవాలి. నేపాల్ వైపు నుంచి ఆరోహణలు సాగుతూనే ఉన్నాయి. చివరి అడుగు వదిలేవారు వదులుతున్నారు, వదలనివారూ ఉన్నారు.

పది నిమిషాలు గడిచాక మేఘాలు మళ్ళీ కమ్ముకున్నాయి. వెన్ను దిగి, తూర్పు వైపు అడవిలోకి మళ్ళాం. ధోత్రే దాకా ఆరు కిలోమీటర్లు, అంతా దిగుడే. రోడోడెండ్రాన్ల కింద నేల మెత్తగా, తడిగా ఉంది. దారిలో దాజును, ఆ దిబ్బ ఎవరిదని అడిగాను. తన తాతల కాలం నుంచి ఉన్నదని, ఎవరు కట్టారో తెలియదని చెప్పాడు. “మీరు ఎక్కి ఉంటే ఏమనుకునేవారు?” అని కూడా అడిగాను. ఆయన కొంచెం నవ్వాడు. “చాలామంది ఎక్కుతారు సాబ్. వాళ్ళు దిగేదాకా కింద నిలబడతాం” అన్నాడు.

ఆ జవాబు నన్ను ఇప్పటికీ వదలలేదు. అధికారంలో ఉన్నవారు పైకి ఎక్కినప్పుడల్లా, ఏమీ అనకుండా కింద నిలబడి ఎదురుచూసేవారు ఈ దేశంలో ఎందరో ఉన్నారు. వారి మౌనాన్ని మనం సమ్మతి అని ఫైళ్ళలో రాసుకుంటాం. ఆ నడక తరువాత నా పనిలో పెద్ద మార్పు వచ్చిందని చెప్పలేను. ఒక చిన్న అలవాటు మాత్రం ఏర్పడింది. ‘అభ్యంతరాలు లేవు’ అని రాయవలసి వచ్చినప్పుడు, అభ్యంతరం చెప్పగలిగే స్థితిలో ఎవరైనా ఉన్నారా అని ముందు విచారిస్తున్నాను. కొన్నిసార్లు దాని వల్ల ఒక నెల ఆలస్యమవుతున్నది. ఒకటి రెండు చోట్ల రోడ్డు కొంచెం వంకర తిరిగింది. ఆ పాత ఊరిలో నరికిన ఇప్పచెట్లకు మాత్రం ఇవేవీ సమాధానం కావు. ఆ ఊరి మీదుగా పోయే రోడ్డు ఇప్పటికీ తిన్నగానే ఉంది.